కొత్త కారు మీద పలుకులు: ఒక ప్రాజెక్టు డైరీ

డిసెంబర్ 8, రాత్రి

కారు తెచ్చాం. నలుపు. తెలుపు తీసుకోమని షోరూమ్‌లో ఇద్దరు, ఇంట్లో ముగ్గురు చెప్పారు. నలుపే కావాలన్నది మా ఆవిడ, తలూపింది నేను. రాజమహేంద్రవరంలో తాళం చేతికి వచ్చేసరికి సాయంత్రం ఆరు దాటింది. షోరూమ్ దీపాల కింద బానెట్‌లో నా ముఖం కనిపించింది, బాగానే ఉంది. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటేటప్పటికే చీకటి. రావులపాలెంలో హైవే దిగి కొత్తపేట రోడ్డు పట్టుకుంటే అంతా సార్వా నూర్పుళ్ల దుమ్ము, సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం. ఇంటికి వచ్చాక చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, దిష్టి తీసి, రేకుల షెడ్డులో పెట్టాం. కోనసీమలో కారు కొన్నవాడు ముందు వెతికేది నీడ కాదు, పైన కొబ్బరి మట్ట లేని చోటు.

డిసెంబర్ 9

ఎనిమిది గంటల ఏటవాలు ఎండలో కారును వీధిలోకి తీశాను. తీయకుండా ఉంటే బాగుండేది.

బానెట్‌లో సూర్యుడి బింబం చుట్టూ సాలెగూడులా సన్నని గీతలు. రెండడుగులు పక్కకు జరిగితే ఆ గీతల మీదుగా తెల్లటి నీడలు, ఈగ రెక్కల్లా, నాతోపాటు కదులుతున్నాయి. దీన్నే హోలోగ్రాం అంటారు. ఒకే దిశలో తిరిగే మిషనుకు ఉన్ని ప్యాడ్ తగిలించి హడావిడిగా రుద్దితే పడే గుర్తు. ఎడమ వెనుక తలుపు మీద, హ్యాండిల్‌కు జానెడు కింద ఒక పలుకు. వేలికి అన్నంలో రాయి తగిలినట్టే తగులుతుంది. రంగు తడిగా ఉండగా దుమ్ము రేణువు దిగి అలాగే కాలిపోయింది. బానెట్ ముందంచున అలాంటిదే ఇంకొకటి, కాస్త చిన్నది. పైకప్పు మీద ఆవగింజంత గుంట, పెయింటర్లు చేపకన్ను అంటారు. రంగు కొట్టేచోట నూనో, సిలికానో తుంపర పడి ఉంటే రంగు దాన్ని అంటుకోక పక్కకు తప్పుకుంటుంది, అలా ఏర్పడుతుంది. డీజిల్ మూత లోపల క్లియర్ కోటు, అంటే రంగు మీద వేసే పారదర్శకమైన పూత, కారి చుక్కగా గడ్డకట్టింది. ఇక తలుపుల కింది భాగమంతా బత్తాయి తొక్క. ట్యూబ్‌లైటు ప్రతిబింబం నిటారుగా కాకుండా వణుకుతూ కనిపిస్తుంది.

ఒక్కోదాని పక్కన పేపరు టేపు ముక్క అంటించాను. పదిహేడయ్యాయి. మా ఆవిడ కాఫీ తెచ్చి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "కొత్త కారుకు కట్లు కట్టారేమిటండీ?"

టేపు ముక్క పెట్టి అన్నీ ఫొటోలు తీసి, తేదీతో షోరూమ్‌కు మెయిల్ చేశాను. ఫోనులో చెబితే గాలిలో కలిసిపోతుంది. ఈ పని బండి నా పేరున రిజిస్టర్ కాకముందు, పగటి వెలుగులో చేయాల్సింది. ఆ మాట నేనే పదిమందికి చెప్పినవాణ్ణి.

డిసెంబర్ 11

షోరూమ్ నుంచి జవాబు: "నలుపు అంటే అలాగే ఉంటుంది సార్. తీసుకురండి, ఉచితంగా రబ్బింగ్ పాలిష్ చేయిస్తాం. కావాలంటే తలుపు, బానెట్ వారంటీలో పెయింట్ చేయించేస్తాం."

మొదటి మాట వినగానే నవ్వు వచ్చింది. బానెట్ మీది ఈగ రెక్కలు ఆ రబ్బింగ్ పాలిష్ పెట్టినవే. రెండో మాట మాత్రం ఆలోచించదగ్గది, వారంటీ ఉంది కదా. సాయంత్రం రావులపాలెం టింకరింగ్ షెడ్డుకు వెళ్లాను. అక్కడి పెయింటరు బాబాయి లారీలకూ కార్లకూ రంగులు కొట్టి కొట్టి వెంట్రుకలు నెరిసినవాడు. ఫొటోలు చూసి ఆయన అడిగింది ఒకటే: "కొత్త తలుపు మీద నా చేత రంగు కొట్టిస్తావా అబ్బాయ్? నేను కొట్టింది నేను గుర్తుపడతాను. రేపు నీ దగ్గర ఈ కారు కొనేవాడూ గుర్తుపడతాడు."

ఆయన చెప్పిన కారణం, నేను ముందే చదివి ఉన్నదీ ఒకటే. ఫ్యాక్టరీలో రంగు వేసేటప్పుడు కారంటే ఖాళీ ఇనుప డొల్ల. దాన్ని ఫాస్ఫేట్ తొట్టిలో ముంచుతారు. తర్వాత కరెంటు పారే పెయింటు తొట్టిలో ముంచి, సుమారు 170 డిగ్రీల ఓవెన్‌లో కాలుస్తారు. ఆ మీద ప్రైమరు, రంగు, చివరన రంగులేని క్లియర్ కోటు, మళ్లీ 140 డిగ్రీల దగ్గర కాల్చడం. మన చేతికి వచ్చాక అందులో వైర్లు, ప్లాస్టిక్కు, సీట్లు, ట్యాంకులో ఇంధనం ఉంటాయి. 140 డిగ్రీల వేడి పెట్టడం కుదరదు. అందుకే షెడ్డులో గట్టిపడే మందు కలిపిన రెండు పాళ్ల పెయింటు కొట్టి, 60 డిగ్రీల దగ్గర ఆరబెడతారు. మంచి చేతిలో అదీ బాగానే ఉంటుంది. కానీ ఒక పలుకు కోసం మొత్తం తలుపు గీకించి, పక్క తలుపుతో రంగు కలిసిందా లేదా అని జీవితాంతం చూసుకోవడం నా వల్ల కాదు.

నేను మోటార్లు రీవైండింగ్ చేసేవాణ్ణి. రాగి తీగ మీది ఎనామెల్, వార్నిష్ ముంచి ఓవెన్‌లో పెట్టడం నా రోజువారీ కూడు. తీగ మీద ఎనామెల్ మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. ఒక్కచోట గీరుకుపోతే కాయిల్ మొత్తం షార్టు. కారు మీద గీకడమంటే నాకున్న భయం అక్కడినుంచి వచ్చింది.

డిసెంబర్ 14

సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మే స్నేహితుడి దగ్గర మందం కొలిచే మీటరు అరువు తెచ్చాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. ఇనుముకు ఆనిస్తే పైనున్న పెయింటు మందం మైక్రాన్లలో చూపిస్తుంది. ప్లాస్టిక్ బంపర్ల మీద పనిచేయదు. ముందు బంపరు మీద నేను ఐదు నిమిషాలు నొక్కి, మీటరు చెడిపోయిందనుకున్న తర్వాత గుర్తొచ్చింది ఆ సంగతి.

ఒక్కోచోట పదేసి సార్లు కొలిచి సగటు రాసుకున్నాను, ఒకటి రెండు మైక్రాన్ల తేడా మీటరుదే కావచ్చు కాబట్టి. పైకప్పు 102. బానెట్ 107. మూడు తలుపులు 110 నుంచి 118. ఎడమ వెనుక తలుపు 196.

గుండె జారింది. పలుకు ఉన్న తలుపు అదే. దారిలో ఎక్కడో గుద్దుకుంటే బాగుచేయించి అంటగట్టారా? టార్చి పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. బయట రంగు కొడితే ముందు రబ్బరు బీడింగుకు టేపు వేస్తారు, ఆ అంచున సన్నని గట్టు మిగులుతుంది. అది లేదు. తలుపు విప్పి ఉంటే కబ్జా బోల్టుల మీద పెయింటు పగులుతుంది. పగల్లేదు, బోల్టూ తలుపూ ఒకే పొర కింద ఉన్నాయి. లోపల అంటించిన స్టిక్కర్ల మీద రంగు తుంపర కూడా లేదు. ఫ్యాక్టరీ లైనులోనే తనిఖీలో ఏదో లోపం కనిపిస్తే ఆ భాగానికి మళ్లీ రంగు, క్లియర్ కోటు వేసి మళ్లీ ఓవెన్‌కు పంపుతారు. అప్పుడు మందం ఇలా రెట్టింపు దగ్గరకు వస్తుంది. ఇది అదేనని నా నిర్ణయం. ఒక లోపం సరిచేయబోయి ఇంకో పలుకు దింపారు.

నాకు కలిసొచ్చిందీ అదే. గీకాల్సిన పలుకు మందం ఎక్కువున్న తలుపు మీదే ఉంది. బానెట్ అంచున ఉన్న పలుకు దగ్గర 93 చూపించింది. మొత్తం పొరల్లో క్లియర్ కోటు వాటా మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70. అంటే నా కారుకు, ఎండకు మధ్య ఉన్న అద్దం వెంట్రుక కంటే పలచన. అంచుల దగ్గర పాలిషింగ్ మిషను ఇంకా త్వరగా తింటుంది. బానెట్ అంచు పలుకు పక్కనున్న టేపు పీకేసి పుస్తకంలో "వదిలేయాలి" అని రాసుకున్నాను.

డిసెంబర్ 17

ఇవాళ కడగడం. నేను దుకాణం నుంచి వచ్చేసరికి మా బావమరిది సాయం చేద్దామని మధ్యాహ్నం ఎండలో బోరు పైపు పెట్టి కారు తడిపేశాడు. "దుమ్ముగా ఉంటే కడిగేశాను బావగారూ." మంచి కుర్రాడు. నల్ల బానెట్ నిండా తెల్లటి ఉంగరాలు.

మా బోరు నీళ్లు ఉప్పన. సముద్రం వైపు పోయేకొద్దీ ఇంకా అన్యాయం. కాలువకు దగ్గరగా ఉన్న బోర్లు కాస్త నయం. మంచినీళ్ల ప్లాంటు అబ్బాయి దగ్గర, నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు తెచ్చి ముంచితే బోరు నీళ్లు 1240, టిన్ను నీళ్లు 48. ఆరిపోయాక మిగిలేది ఆ తేడాయే, సున్నం, ఉప్పు. తెల్ల వెనిగరులో సమానంగా నీళ్లు కలిపి గుడ్డ తడిపి, నీడలో ఒక నిమిషం ఆనించి తుడిచి, వెంటనే కడిగితే మూడొంతులు పోయాయి. మిగిలినవి పాలిష్‌లో పోవాలి.

ఇకమీదట పద్ధతి: నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు, షాంపూకు ఒకటి, గుడ్డ పిండడానికి ఒకటి, రెండు బకెట్లు. బోరు నీళ్లతో కడిగినా, ఆఖరున ఒక టిన్ను నీళ్లు పైనుంచి ధారగా పోయాలి. ఇరవై లీటర్లు సరిపోయాయి.

కడిగాక చేతికి పలచని ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద నెమ్మదిగా జరిపాను. వట్టి చేతికి తెలియని గరుకు కవరులోంచి గోధుమ రవ్వలా తెలుస్తుంది. ఇనుప రజను కరిగించే మందు కొడితే రెండు నిమిషాల్లో ఊదారంగు చారలు కారాయి. కొత్త కారులో ఇనుము ఎక్కడిదంటే, రైలు పట్టాలు, లారీ బ్రేకులు, యార్డులో నెలల నిలవ. కుళ్లిన కోడిగుడ్డు వాసనకు అమ్మ లోపలినుంచి "ఏం చచ్చిందిరా?" అని కేకేసింది. తర్వాత షాంపూ నీళ్లు చల్లుతూ, అంటుకున్న గరుకును లాగేసే క్లే ముద్దతో కారంతా రుద్దాను. ముద్ద నలుపెక్కింది. చేయి జారి ఒకసారి కింద పడింది, ఆ ముద్దను పారేశాను. ఇసుక అంటిన క్లే అంటే గరుకు కాగితమే.

డిసెంబర్ 21

పాలిష్ మిషను వచ్చింది. తిరుగుతూనే అటూ ఇటూ ఊగే రకం. ఒకేచోట ఒకే దిశలో తిరగదు కాబట్టి ఈగ రెక్కలు వేయదు, వేడీ తక్కువ. దానికి మెత్తని స్పాంజి ప్యాడు, మధ్యరకం ప్యాడు. గీతల్ని అరగదీసే కాంపౌండు ఒకటి, ఆఖరి పాలిష్ ఒకటి.

బానెట్ మీద మూరెడు చదరానికి టేపు కట్టి, ముందు అన్నిటికంటే మెత్తని జోడీ వాడాను. మెరిసింది, గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. మధ్యరకం ప్యాడు, కాంపౌండు. బఠాణీగింజంత మందు నాలుగు చుక్కలు, మిషను ఆన్ చేయకముందే ప్యాడుతో అద్ది, తర్వాత నిమిషానికి ఒక చదరం చొప్పున నెమ్మదిగా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ఇలా నాలుగు చుట్లు. తుడిచి చూస్తే అద్దం.

ఇక్కడ మోసపోకూడదు. పాలిష్‌లోని నూనె గీతల్లో నిండి వాటిని దాచిపెడుతుంది. పదో వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచి, టార్చి ఏటవాలుగా పెట్టి చూడాలి. తుడిచాక సాలెగూడులో పదో వంతు తిరిగి బయటపడింది. ఇంకో రెండు చుట్లతో పోయింది. లోతైన రెండు గీతలు మిగిలాయి, అవి ఉంటాయి. మీటరు 107 ఉన్నచోట 105 చూపించింది. నమ్మాలో లేదో తెలియనంత తేడా, నాకు కావలసిందీ అంతే.

మిగతా బానెట్ మొదలుపెట్టగానే కరెంటు పోయింది.

డిసెంబర్ 22

వేళల లెక్క తేలింది. పొద్దున ఎనిమిదిన్నర దాకా మంచు, రేకు అంతా చెమ్మ. సాయంత్రం ఆరు తర్వాత వోల్టేజి 190కి దిగి మిషను మూలుగుతుంది. వేగం తగ్గితే పెయింటు అరగడం తగ్గుతుంది, మనం తెలియకుండా ఎక్కువసేపు రుద్దుతాం. తొమ్మిది నుంచి పన్నెండు వరకే పని.

బానెట్, పైకప్పు అయ్యాయి. మధ్యలో మిషను ఆపకుండా ఎత్తాను. దండెం మీది చీర మీద కాంపౌండు చుక్కలు వరసగా పడ్డాయి. ఆ విషయం ఇక్కడితో ఆపుతాను. అద్దం కింది నల్ల ప్లాస్టిక్ మీద కాంపౌండు ఆరి తెల్లగా పట్టింది, సబ్బుకు పోలేదు. మా అబ్బాయి పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పోయింది. ముందే టేపు వేసి ఉండాల్సింది.

ప్యాడు రెండు చదరాలకొకసారి బ్రష్‌తో దులపాలి. దులపకపోతే చచ్చిన మందు, ఊడిన పెయింటు ముద్దకట్టి కొత్త మసక తెస్తుంది. నాకు పైకప్పు మీద తెచ్చింది.

డిసెంబర్ 28

ఇవాళ పలుకు.

రాత్రే 2000 నంబరు వాటర్ పేపరు షాంపూ చుక్క వేసిన నీళ్లలో నానబెట్టాను. రూపాయి బిళ్లంత ముక్క కత్తిరించి, అంచులు గుండ్రం చేసి, అదే పెన్సిల్ రబ్బరు చివర అంటించాను. వేలితో పట్టి రుద్దితే వేలు పలుకు చుట్టూ గుంట చేస్తుంది, పలుకు అలాగే ఉంటుంది. కింద చదునైన ఆధారం ఉంటే ముందు తగిలేది ఎత్తుగా ఉన్నదే.

పది రుద్దులు, తుడవడం, చూడడం. పలుకు తలమీద మాత్రం ఆవగింజంత మసక చుక్క. మళ్లీ పది. చుక్క మిరియపు గింజంత అయింది. మళ్లీ పది రుద్ది వేలు చూసుకుంటే నీళ్లు బూడిద రంగులో ఉన్నాయి!

క్లియర్ కోటు గీకితే వచ్చే బురద పాలలా తెల్లగా ఉండాలి. కారు రంగు కనిపించిందంటే కిందికి దిగిపోయినట్టు, అక్కడితో కథ అయిపోయింది. షెడ్డులో అలా నిలబడిపోయాను. కొంతసేపటికి చేతిలోని కాగితం తిప్పి చూశాను. నల్లటి వాటర్ పేపరు. తెల్ల గుడ్డ మీద వట్టి కాగితాన్ని రుద్దితే అదే బూడిద. కొత్త కాగితం తన నలుపును తనే వదిలింది. నీళ్లు మార్చి, కాగితం కడిగి మళ్లీ పది రుద్దులు, ఈసారి పల్చటి మజ్జిగ.

తర్వాత జరిగేది చూడడానికి బాగుంటుంది. పలుకు నేలమట్టమయ్యాక కాగితం చుట్టూ ఉన్న బత్తాయి తొక్క మిట్టలను అందుకుంటుంది. మిట్టలు మసకబారి, పల్లాలు నల్లగా మెరుస్తూ మిగులుతాయి, వరద దిగిన లంకల్లో అక్కడక్కడ నిలిచిన నీళ్లలా. ఆ నీళ్లు అన్నీ ఇంకిపోయేదాకా గీకితే తలుపు అద్దమవుతుంది. నేను అక్కడ ఆపేశాను. 3000 కాగితంతో ఇరవై రుద్దులు, తర్వాత మిషనుతో కాంపౌండు, ఆఖరి పాలిష్. మీటరు 196 నుంచి 191.

అమ్మ ముక్కాలి పీట వేసుకుని షెడ్డు గుమ్మంలో కూర్చుని చూస్తోంది. సంక్రాంతికి ఇత్తడి బిందెలు చింతపండు పెట్టి తోముతోంది. "మీ నాయనమ్మ పేరు ఈ బిందె మీద చెక్కించారు. ఏటా తోమీ తోమీ చూడు, 'సు' ఒక్కటే మిగిలింది" అని బిందె ఎత్తి చూపించింది. వేలితో తడిమితే తప్ప మిగతా అక్షరాలు తెలియడం లేదు.

తలుపుల కింది బత్తాయి తొక్క పక్కన కూడా "వదిలేయాలి" అని రాశాను.

జనవరి 4

మిగిలిన లెక్క. పైకప్పు మీది చేపకన్ను గుంట. గుంటను గీకి తీయడమంటే చుట్టూ ఉన్నదంతా గుంట అడుగుదాకా దించడమే. బాబాయి వచ్చి చూసి, సన్న పుల్లతో క్లియర్ చుక్క పెట్టి, ఆరాక చదును చేయవచ్చన్నాడు. పైకప్పు నిచ్చెన ఎక్కితే తప్ప కనపడదు, అది కూడా నాకే. వదిలేశాను. డీజిల్ మూత లోపల కారిన చుక్క అలాగే ఉంది. నింపిన ప్రతిసారీ బంకు కుర్రాడు, నేను చూస్తాం.

తలుపు దగ్గర ఆయన ఆగాడు. అరచేతిని పైనుంచి కిందికి రెండుసార్లు జరిపాడు. "ఎక్కడ?" అన్నాడు. చూపించాను. కళ్లద్దాలు పైకెత్తి మూతి దగ్గరగా పెట్టి చూసి, "ఊఁ" అన్నాడు. బాబాయి ఊఁ అంటే చాలు.

ఆల్కహాల్ నీళ్లతో కారంతా తుడిచి, పేస్టు వ్యాక్స్ పలచగా పట్టించి, గంట ఆగి తుడిచేశాను. ఆ వ్యాక్స్ మూడు నెలలు నిలిస్తే గొప్ప. సిరామిక్ కోటింగ్ వేయించమని అందరూ చెబుతున్నారు. కింద ఉన్న గీతను అది దాచదు, లోపలే ఉంచి తాళం వేస్తుంది. ఒక వేసవి చూసి ఆలోచిస్తాను.

జనవరి 16

కనుమనాడు జగ్గన్నతోటకు వెళ్లి వచ్చాం. వెదురుతో కట్టి అలంకరించిన ప్రభలను ఊళ్ల నుంచి మోసుకొచ్చే ప్రభల తీర్థం అది. ఆ జనంలో కారును అరమైలు దూరంలో ఒక తోట గట్టున పెట్టాను. తిరిగి వచ్చేసరికి బానెట్ మీద ఎవరో చిన్నపిల్లలు వేలితో ప్రభ బొమ్మ గీశారు, దుమ్ములో. అలంకారాలతో సహా అన్నీ ఉన్నాయి. నీళ్ల సీసాతో పారబోసి కడిగానే తప్ప గుడ్డ పెట్టలేదు. కింద నాలుగు గీతలు పడ్డాయి. వ్యాక్స్ మీద పడ్డాయా, క్లియర్ మీద పడ్డాయా అని రాత్రి టార్చితో చూశాను. రెండు వ్యాక్స్‌వి.

ఫిబ్రవరి 10

మొదటి సర్వీసు. కారు ఇచ్చేటప్పుడు "బయట కడగవద్దు, తుడవవద్దు" అని జాబ్ కార్డు మీద రాయించి, సంతకం పెట్టించుకుని, చాలదన్నట్టు అదే మాట కాగితం మీద రాసి స్టీరింగుకు అంటించి వచ్చాను. సలహాదారు చదివి, తప్పకుండా సార్ అన్నాడు.

సాయంత్రం కారు వచ్చింది. తడిగా ఉంది. స్టీరింగు మీద నా కాగితం కూడా తడిసింది.